దిగి ఎక్కాల్సిన కొండ

ఆల్ప్స్ కొండల్లో పూట నడక అంటే తరచూ కనుమ దాకా కారులో పోయి, మిగిలిన కొండ కాళ్లతో ఎక్కడం. కాళ్లు అలిసేసరికి తిరుగుదారంతా దిగుడే. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే గండికోటలో ఈ లెక్క తలకిందులవుతుంది. బస్సో ఆటోనో మనల్ని ఎర్రమల కొండ నెత్తినే దించుతుంది. దిగుడు ముందు, ఎక్కుడు తర్వాత. అదీ ఎండెక్కాక.

చెరువుకట్ట తెగితే గండి పడిందంటాం. ఇక్కడ పెన్నకు కొండే తెగింది. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండను చీల్చుకు పోయే చోటికీ గండి అనే పేరు. పెన్న కోసిన ఆ లోయే గండికోటను ఏలిన పెమ్మసాని నాయకులకు ఒక పక్క గోడ కట్టే పని తప్పించింది. అంత కోటా 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు చిక్కింది. 1652లో ఆయన్ను కలవడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఈ కొండదారి ఎంత ఇరుకో రాసిపెట్టాడు.

చీకటితోనే బయలుదేరాలి. మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి దాటి అంచుకు చేరేసరికి వెలుగు రావాలి. చాలామంది అక్కడే ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. లోయలోకి దిగేవాళ్లు మాత్రం దారి తెలిసిన ఊరివాళ్లను వెంటబెట్టుకోవాలి. దూరం నుంచి మెట్లలా కనిపించేవి నిజానికి విడిపోయిన బండలు. ఈ రాయి పొరలు పొరలుగా పడుకుని, నిలువునా పగిలి ఉంటుంది. అందుకే పెట్టెల్లా ఊడి వస్తుంది. ఒక పలక మీద వేలు పెట్టి చూడండి. తడి ఇసుకలో అలలు గీసిన చాళ్లే, వంద కోట్ల ఏళ్లకు పైబడి రాయై ఉన్నాయి. కాలికి పట్టు దొరికేది ఈ చాళ్ల మీదే. నున్నటి బండను నమ్మరాదు.

నడక నాకు నేర్పింది మేకలు కాసే ఒక పెద్దాయన. కాళ్లకు టైరు చెప్పులు, చేతిలో తనకంటే పొడుగు కట్టె. ముందు కట్టె కిందికి పోతుంది, తర్వాత కాలు. ఒళ్లు ఓరగా తిప్పి, పాదం అడ్డంగా పెట్టి, బండ కదలదని తేలాకే బరువు మోపుతాడు. ఒకరి నెత్తిన ఒకరు దిగనివ్వడు. పైవాడి కాలికింద రాయి జారితే కిందివాడి తల పగులుతుంది.

సగం దిగాక నేను బాటిల్ మూత తీస్తే ఆపాడు.

‘‘దిగేటప్పుడు దప్పిక కాదు సారూ. ఎక్కేటప్పుడే ఒళ్లు నీళ్లడుగుతాది.’’

కింద మైలవరం జలాశయం వెనకనీళ్లు నిలిచినప్పుడు నది చెరువులా కదలకుండా ఉంటుంది. నెమ్మదిగా ఉందని దిగితే లోతు ఎక్కడ మొదలవుతుందో తెలీదు. ఒడ్డున కూర్చోవడమే మేలు. ఎండ లోయ గోడల మీంచి కిందికి పాకకముందే లేవాలి. ఆ తర్వాత పట్టుకునే ప్రతి బండా చేతిని కాలుస్తుంది.

అందరూ నీళ్ల పక్కన సద్ది విప్పుతారు. నేను మాత్రం పైకొచ్చి, ధాన్యాగారం గోడ నీడలో విప్పుతాను. కడుపునిండా సంగటి తిని ఎక్కిన రోజొకటుంది. దాని సంగతి రాయను.