ఈతగాని రెండవ ఊపిరి: ఒక విమర్శ

గాలి సిలిండరును వీపున కట్టుకొని సముద్రపు అడుగున తిరుగు క్రీడ నేడు విశాఖపట్నపు ఋషికొండ తీరమున మనవారికి అందుబాటులో నున్నది. వనపర్తి విద్యార్థి సెలవులలో అచ్చటికి పోయినచో, తరగతిలో చదివిన బాయిల్ నియమమును వెంట తీసికొనిపోవుట మంచిది.

పత్రికలు దీనిని ‘ఆక్సిజన్ సిలిండరు’ అని వ్రాయుచుండును. అది పొరపాటు. సాధారణముగా అందులో నుండునది ఒత్తిడితో నింపిన మామూలు గాలియే. శుద్ధమైన ఆక్సిజన్ సుమారు 6 మీటర్లకు దిగువన ప్రమాదకరము.

ఆ గాలి అందకపోయినచో ఏమి గతి? ఇందుకై నోటిగొట్టముతో కూడిన చిన్న సీసాలను అమ్ముచున్నారు. వీటితో యాభైకి పైగా శ్వాసలు తీసికొనవచ్చునందురు. లెక్క సరియైనదే, కాని అది ఒడ్డున కూర్చున్నవాని లెక్క! 30 మీటర్ల లోతున ఒత్తిడి 4 వాతావరణములు. కనుక ప్రతి శ్వాసకు నాలుగు రెట్లు గాలి ఖర్చగును.

ఒడ్డున నిమిషమునకు 20 లీటర్లు పీల్చువానిని తీసికొందము. 30 మీటర్ల లోతున తబ్బిబ్బు తీరి సర్దుకొనుటకు ఒక నిమిషము పట్టినచో 80 లీటర్లు పోవును. 0.4 లీటరు సీసాలో 200 వాతావరణముల ఒత్తిడితో నింపిన గాలి కూడ 80 లీటర్లే. అనగా పైకి బయలుదేరక మునుపే సీసా ఖాళీ! నిమిషమునకు 9 మీటర్ల చొప్పున పైకి వచ్చుటకు మరి 167 లీటర్లు కావలెను. భయపడినవాడు రెట్టింపు పీల్చును. 10 మీటర్ల లోతున మాత్రము శాంతచిత్తునికి ఆ సీసా బొటాబొటిగా చాలును. సీసాపై శ్వాసల సంఖ్యను గాక, ఏ లోతున ఎన్ని నిమిషములు వచ్చునో ముద్రించుట న్యాయము.

1943లో కూస్తో, గాన్యాన్ అను ఫ్రెంచివారు రూపొందించిన సాధనము వ్యాపించిన తొలి దశాబ్దములలో, సిలిండరులోనే కొంత గాలిని కవాటముతో ఆపి నిలువ యుంచెడివారు. మీట పొరపాటున ముందే తెరచుకొన్నచో ఆ నిలువ ఎరుగకయే ఖర్చగును. పైగా అది వేరు సిలిండరు కాదు. నేడు తోటివాని సిలిండరునకు అదనముగా నొక నోటిగొట్టము నుంచుట వాడుక. ఇది చౌక, తేలిక. శిక్షకుడు చేయి చాచినంత దూరములో నున్న ఋషికొండ నీటిలో ఇదియే చాలునని నా యభిప్రాయము. కాని తోటివాడు చేపల వెంట పోయినచో ఆ గొట్టమేమి చేయును? దగ్గర నున్నను, ఇద్దరు పీల్చు సిలిండరు ఇనుమడి వేగముతో తరుగును.

లోతునకు దిగువానికి, 200 వాతావరణములతో నింపిన 3 లీటర్ల సిలిండరు, దానికి ప్రత్యేకమైన రెగ్యులేటరు ఉండవలెను. అందు 600 లీటర్ల గాలి యుండును. పై లెక్కలో బెదరినవానికి కావలసినది సుమారు 500. బరువని దీనిని పడవలో విడిచిపోవువారు కలరు.

ఇంకొక చిక్కు. దిగుడు బావిలో మునుగు మన పిల్లలు పైన పీల్చిన గాలితోనే దిగి, ఊపిరి బిగబట్టి పైకి వత్తురు. వారి ఊపిరితిత్తులు తిరిగి తొలి పరిమాణమునకే వచ్చును. సిలిండరు గాలిని 10 మీటర్ల లోతున నిండుగా పీల్చి, అట్లే బిగబట్టి పైకి వచ్చినచో ఆ గాలి రెట్టింపగును, ఊపిరితిత్తులు చిట్లును. రెండవ సిలిండరు చేతనున్నను, ఊపిరి వదలుచునే పైకి రావలెను.