బంద్ చేసినా పోని కరెంటు

లైన్ క్లియర్ (ఎల్‌సీ) తీసుకున్నంత మాత్రాన పనితెలిసిన లైన్‌మన్ తీగ మీద చెయ్యి వెయ్యడు. ముందు ఎర్త్ రాడ్ క్లాంపు నేల వైపు బిగిస్తాడు, ఆ తర్వాతే కొక్కెం తీగకు తగిలిస్తాడు. విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది: తీగ ముందు, నేల తర్వాత. జనగామ, మహబూబాబాద్ వైపు ఈ వరసను పుస్తకంలో చదివి నేర్చుకున్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. సీనియర్ పక్కన నిలబడి నేర్చుకున్నవాళ్లే. "కరెంటు పోయింది కదన్నా" అని కొత్త పిల్లగాడంటే, "పోయిందని నీకెవరు చెప్పిండ్రు?" అన్నది జవాబు.

ఆ ప్రశ్న గ్యాస్ ఇన్సులేటెడ్ సబ్‌స్టేషన్ (జీఐఎస్) దగ్గర మరీ పదునెక్కుతుంది. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అలాంటి చోట్ల ఆరుబయటి యార్డులో ఐసోలేటర్ తెరిస్తే బ్లేడు విడిపోవడం కంటికి కనపడుతుంది. హైదరాబాద్ రాయదుర్గంలోని 400 కేవీ జీఐఎస్ లాంటి చోట అదంతా మూసిన లోహపు గొట్టంలో, ఒత్తిడితో నింపిన ఎస్ఎఫ్6 వాయువులో జరుగుతుంది. కండక్టరును గొట్టం నడుమ పట్టి నిలిపేది ఎపాక్సీ స్పేసర్.

ఐసోలేటర్ తెరుచుకున్న క్షణాన ఉన్న ఓల్టేజీ, విడిపోయిన కండక్టరు ముక్క మీద అలాగే ఉండిపోవచ్చు. ఎర్త్ చెయ్యకపోతే గంటలు, ఒక్కోసారి రోజులు నిలుస్తుంది. వాయువూ ఎపాక్సీ రెండూ గట్టి ఇన్సులేటర్లే, ఇక అది జారిపోయే దారేది? నడుస్తున్న ఏసీలో సెకనుకు 100 సార్లు ధ్రువం మారుతుంది కాబట్టి స్పేసర్ మీద చార్జి కుదురుకోవడం కష్టం. ఈ నిలవ ఓల్టేజీ మాత్రం డీసీ లాంటిది, ఒకే వైపు లాగుతూ ఉంటుంది. వాయువులో పుట్టిన అయాన్లు, ఎక్కడో చిక్కుకున్న లోహపు రజను విడిచిన చార్జి మెల్లగా ఎపాక్సీ ఒంటి మీదికి చేరతాయి.

అసలు తిరకాసు ఇక్కడుంది. ఎర్త్ స్విచ్ వేస్తే లోహం మీది చార్జి దిగిపోతుంది. ఎపాక్సీ మీదిది దిగదు. ఇన్సులేటర్ ఎంత మేలైనదైతే పట్టు అంత గట్టి. ఆ చార్జి మచ్చలు లోపలి విద్యుత్ క్షేత్రాన్ని వంకర తిప్పుతాయి. ఆ తర్వాత ఎదురు ధ్రువంతో సర్జ్ వస్తే, తట్టుకోవలసిన ఓల్టేజీ కంటే తక్కువకే స్పేసర్ ఉపరితలం వెంట ఫ్లాష్‌ఓవర్ కావచ్చు. డీసీ జీఐఎస్ తయారుచేసేవాళ్లకు ఇది రోజూ ఉండే తలనొప్పి. అందుకే స్పేసర్ ఆకారం మార్చి చూస్తున్నారు, చార్జి కొద్దికొద్దిగా జారిపోయేలా సన్నని పూతలు పూసి చూస్తున్నారు.

స్పేసర్ బిగించేటప్పటి పని కూడా తక్కువది కాదు. పొడి గుడ్డతో గట్టిగా రుద్దితే, దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్టు, దుమ్మంతా స్పేసర్‌కే వచ్చి చేరుతుంది. నూగు రాలని గుడ్డను ఆల్కహాల్‌తో తడిపి, ఒక్క వైపే తుడవాలి. బయటి నుంచి చూసేవాడికి ఇది చాదస్తంలా కనపడుతుంది. నాకైతే ఎర్త్ రాడ్ వరసంత ముఖ్యమైన పని. గొట్టం మూసి వాయువు నింపాక ఆ దుమ్ము మళ్లీ ఎవరి చేతికీ అందదు.