స్లైడు అడుగున పడిపోయిన లెక్క

కంపెనీ ప్రెజెంటేషన్‌లో కథ అనగానే చాలామంది పెదవి విరుస్తారు. చేతిలో లెక్కలు లేనివాడే కథలు అల్లుతాడని ఆఫీసుల్లో ఒక నమ్మకం. నాకైతే లెక్కలు ఎక్కువయ్యేకొద్దీ కథ అవసరమూ పెరుగుతుందనిపిస్తుంది. కథంటే నేననేది కన్నీళ్లు పెట్టించే కస్టమర్ ఉదంతం కాదు. ఏమనుకున్నాం, ఏం అడ్డొచ్చింది, దానివల్ల ఏమైంది అని ఒకదాన్నొకటి పట్టుకుని నడిచే వరుస.

ఆ వరుస లేకపోతే ఏమవుతుందో 2003లో తేలింది. జనవరి 16న కొలంబియా వ్యోమనౌక పైకి లేచిన కాసేపటికే ఇంధన ట్యాంకు నుంచి ఊడిన ఫోమ్ ముక్క దాని ఎడమ రెక్కను కొట్టింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు నష్టాన్ని అంచనా వేసి నాసాకు స్లైడ్లు చూపించారు. అందులో ఒకదాని శీర్షిక చదివితే భయపడాల్సిందేమీ లేదనిపిస్తుంది. దాని కింద చుక్కలు, వాటి కింద గీతలు. అన్నిటికన్నా అడుగున అసలు సంగతి: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, ఇప్పుడు తగిలిందని అంచనా వేసింది 1,920. అంటే 640 రెట్లు! ఎవరూ ఏదీ దాచలేదు. కానీ 'మేం పరీక్షించింది చిన్న ముక్కను, తగిలింది వందల రెట్లు పెద్దది, కాబట్టి మా పరీక్షలు ఇక్కడ చెల్లకపోవచ్చు' అని వరుసగా చెప్పి ఉంటే, 'మరిప్పుడేం చేద్దాం' అని గదిలో ఒక్కరైనా అడిగేవారు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక ముక్కలై కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. నేరమంతా ఒక్క స్లైడు మీద నెట్టలేం. అయినా దర్యాప్తు బోర్డు తన నివేదికలో దాన్ని ప్రత్యేకంగా తప్పుపట్టింది. మరుసటి ఏడాది అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పైస్థాయి సమావేశాల్లో పవర్‌పాయింట్ మాన్పించి, పూర్తి వాక్యాల్లో రాసిన పత్రాలు తెమ్మన్నారు.

గుర్తుండే విషయంలోనూ తేడా చిన్నది కాదు. 1969లో బోవర్, క్లార్క్ అనే మనస్తత్వవేత్తలు విద్యార్థులకు పదేసి పదాల జాబితాలు పన్నెండు ఇచ్చారు. ఒక్కో జాబితా అయిన వెంటనే అడిగితే అందరూ దాదాపు అన్నీ చెప్పారు. అన్నీ ముగిశాక అడిగితే, పదాలను కథగా అల్లుకున్నవాళ్లకు 93 శాతం గుర్తున్నాయి, మామూలుగా చదివినవాళ్లకు 13 శాతమే. మీటింగులో అందరూ తలూపి, మర్నాటికి మరిచిపోవడంలో వింతేముంది?

పై అధికారులకు తీరిక ఉండదు, ఫలితం ముందే చెప్పాలి కదా అంటారు. చెప్పండి. రాముడు గెలుస్తాడని తెలిసే జనం హరికథకు తెల్లవార్లూ కూర్చున్నారు. వాళ్లకు కావలసింది ఎలా గెలిచాడన్నది.

కథ మోసం చేయగలదన్న అభ్యంతరం మాత్రం బలమైనదే. ఒక్క చుక్క రక్తంతో బోలెడు పరీక్షలన్న థెరానోస్ కంపెనీ కథకు మదుపరులు పడిపోయారు. దాని స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్‌ను 2022లో జ్యూరీ దోషిగా తేల్చింది. అయితే 2009 జనవరిలో హైదరాబాద్‌లో బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ మోసంలో కథ లేదు. ఆడిటర్లు సంతకం చేసిన పట్టికలున్నాయి, వాటిలో లేని వేల కోట్లున్నాయి. రెండుచోట్లా లోపించింది ఎదురు ప్రశ్న. నిజానికి ఆ ప్రశ్నకు కథే ఎక్కువ చోటిస్తుంది: 'ఆ తర్వాత?', 'అదెలా కుదిరింది?' అని వినేవాడు ఎక్కడైనా ఆపి అడగొచ్చు, అతుకు ఎక్కడ ఊడిందో అక్కడే దొరుకుతుంది. నలభై గడుల పట్టిక ముందు ఆ ప్రశ్న ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తోచదు.