తుపానులో పశురక్షణ: ఒక విమర్శ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. చెట్లు కూలి బాటలు మూసుకొనిపోయినవి. విద్యుత్తు, టెలిఫోను రోజుల తరబడి నిలిచిపోయినవి. అప్పటికి ఆ జిల్లాలోనిదై, 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన రోలుగుంట వంటి కొండదాపు మండలములో ఒక రైతునకు రెండు గేదెలు, ఒక జత ఎడ్లు ఉన్నవనుకొందము. అట్టి రాత్రి మరల వచ్చినచో వాటికై ఉన్న ఏర్పాటేమి?

2022-26 కాలమునకు కేంద్ర హోంశాఖ ప్రకటించిన సహాయ ప్రమాణములలో చనిపోయిన ఆవునకు లేదా గేదెకు 37,500 రూపాయలు, ఎద్దునకు 32,000, గొర్రెకు 4,000 చొప్పున నిర్ణయించినారు. పశువుల శిబిరములకు, మేతకు, మందులకు కూడ అందులో పద్దులున్నవి, ఇది మెచ్చదగినదే. కాని నష్టమును అధికారి ధ్రువపరుపవలెను. వాగులో కొట్టుకొనిపోయిన గేదెను ధ్రువపరచుట ఎట్లు? పైగా చావునకు వెల కట్టిన పట్టికలో బ్రతికించిన పశువు లెక్కకు రాదు.

2022 మే నెలలో రాష్ట్రమున 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనములు బయలుదేరినవి. మామూలు దినములలో ఇవి ఎంతో మేలు. అయితే టెలిఫోను పలుకక, రోడ్డుకు అడ్డముగా చింతచెట్టు పడిన రాత్రి ఆ వాహనము ఎట్లు వచ్చును? ఆ రాత్రి వైద్యుడు రైతే. గేదె చక్కగా ఈదగలదు. దానిని ముంచునది తరచుగా నీరు కాదు, మెడకున్న పలుపు. హెచ్చరిక వినగానే పలుపు విప్పి మెరకకు తోలుటకు మందు అక్కరలేదు. మెరక మాత్రము కావలెను. బంగ్లాదేశ్‌లో 1970ల నుండి పశువులకై ఎత్తైన మట్టిదిబ్బలు కట్టినారు, వాటిని కిల్లాలందురు. మన తుపాను ఆశ్రయ భవనములు ప్రధానముగా మనుష్యుల కొరకే తలపెట్టినవి. పాడిని విడిచి కదలమని మొరాయించు ముసలివారిని మూర్ఖులనుట తేలిక. అమెరికాలో 2005 కత్రినా తుపానునాడు కుక్కలను విడువలేక ఇండ్లలో నిలిచిపోయినవారున్నారు. మరుసటి ఏడే పెంపుడు జంతువులనుకూడ తరలింపు ప్రణాళికలలో చేర్చునట్లు చట్టము చేసినారు.

వరద తీసిన తరువాత టీకాలు వేయుట మరియొక ఆచారము. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేసినను శరీరములో రక్షణ ఏర్పడుటకు రెండు, మూడు వారములు పట్టును. కనుక వాటి కాలము తొలకరికి ముందే. వరదనాడు వేసినవి బొత్తిగా వ్యర్థము కావు గాని, ఆలస్యమైనవి.

మేత విషయములో దయయే కీడు చేయును. ఆకలిగొన్న పశువునకు తడిసిన బియ్యము, మిగిలిన అన్నము కుమ్మరించినచో మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు దానిని వేగముగా పులియబెట్టి లాక్టికామ్లము తయారుచేయును. పశువు ఒక దినములోనే పడిపోవచ్చును. మొదట ఎండుగడ్డి, మంచినీరు, దాణా కొద్దికొద్దిగా.

ముక్కునుండి నల్లని రక్తము కారుచు అకస్మాత్తుగా చచ్చిన పశువును దొమ్మగా అనుమానింపవలెను. చర్మము ఒలువరాదు, కోయరాదు. గాలి తగిలినచో ఆ క్రిములు బీజరూపము దాల్చి దశాబ్దములు నేలలో నిలుచును. సున్నము వేసి ఆరడుగుల లోతున పూడ్చవలెనందురు. ఆ స్థలము ఏదో వానలకు ముందే పంచాయతీ గుర్తించి ఉంచుట మంచిది. నీరు నిలిచిన నేలలో ఆరడుగుల గొయ్యి త్రవ్వబోయినవారికి కారణము చెప్పనక్కరలేదు.