దానానికీ హక్కుకూ మధ్య: ‘ఫెయిత్ ఇన్ ది సిటీ’ నివేదిక - ఒక విమర్శ

1985 డిసెంబరులో ఇంగ్లండు చర్చి తరఫున వెలువడిన ‘ఫెయిత్ ఇన్ ది సిటీ’ని థాచర్ ప్రభుత్వ విధానాలపై మతసంస్థ తెలిపిన నిరసనగా చెప్పుకోవడం పరిపాటి. అది ఎవరిని ఉద్దేశించి, ఏ గొంతుతో మాట్లాడిందన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

స్థానిక సంస్థల గ్రాంటులు తగ్గి, ప్రభుత్వ గృహనిర్మాణం కుంచించుకుపోయి, నిరుద్యోగుల సంఖ్య 30 లక్షలు దాటిన కాలమది. 1981లో బ్రిక్స్టన్, టాక్స్‌టెత్ వాడలు అల్లర్లతో అట్టుడికాయి. ఈ నేపథ్యంలో 1983లో ఆర్చిబిషప్ రాబర్ట్ రన్సీ ఒక సంఘాన్ని నియమించాడు. దాని అధ్యక్షుడు రిచర్డ్ ఓబ్రయన్ మతాచార్యుడు కాదు. ఉపాధి శిక్షణను చూసే ప్రభుత్వ సంస్థకు అంతకుముందు అధిపతిగా పనిచేసినవాడు. అందుకే కాబోలు, నివేదికలో ప్రవక్తల ఆగ్రహం కన్నా పాలనాధికారి నిదానమే ఎక్కువగా వినిపిస్తుంది.

మొత్తం 61 సిఫారసులలో ప్రభుత్వానికి చేసినవి 23 మాత్రమే. మిగిలిన 38 చర్చి తనకు తాను చెప్పుకొన్నవి. నా దృష్టిలో ఈ రచన బలమంతా ఇక్కడే ఉంది. పిల్లల భత్యం పెంచమనీ, స్థానిక సంస్థలకు నిధులివ్వమనీ ఏలికను అడిగే ముందు, పేదవాడల్లో తన ఉనికి ఎంత పలచబడిందో చర్చి ఒప్పుకొంది. ప్రచురణ వేళకే దానిపై మార్క్సిస్టు వేదాంతమన్న ముద్ర వేసినవారు ఈ 38 సిఫారసులను పట్టించుకున్నట్టు కనబడదు.

లోపం మరోచోట ఉంది. పేదలు ఇందులో సాక్ష్యంగా కనిపిస్తారే తప్ప వక్తలుగా కాదు. వారి పక్షాన వాదన వినిపిస్తుంది, వారి వాదన వినిపించదు. వేదాంత అధ్యాయం కూడా పలచనే. సేవ ఎప్పుడు దానం, ఎప్పుడు హక్కు అన్న ప్రశ్నను అది తాకి వదిలేసింది.

ఆ ఖాళీలోకే ప్రతివాదులు ప్రవేశించారు. 1986లో యూదుల ప్రధాన రబ్బీ ఇమాన్యుయెల్ జాకొబోవిట్స్, వలస వచ్చిన తన సమాజపు అనుభవాన్ని చూపి, శ్రమ, స్వయంసహాయం, ఓర్పు పేదరికాన్ని దాటిస్తాయని వాదించాడు. మతసమాజాలన్నీ ఒకే గొంతుతో నిరసించాయనుకోవడం పొరపాటని ఈ ఒక్క సమాధానమే తేల్చిచెబుతుంది. 1988 మేలో థాచర్ స్వయంగా ఎడిన్‌బరోలో స్కాట్లండు చర్చి మహాసభ ముందు నిలిచి, పనికీ తిండికీ ముడిపెట్టిన పౌలు బోధను తనకు అండగా తెచ్చుకొంది. సభాధ్యక్షుడు ఆమెకు బదులుగా అందించినవి గృహవసతి, పేదరికాలపై చర్చి తయారుచేసిన నివేదికలు. ఆ మర్యాదలో ఎంత మొన ఉందో వేరే చెప్పనక్కరలేదు.

నివేదిక ఫలితంగా 1987లో ‘చర్చ్ అర్బన్ ఫండ్’ ఏర్పడింది. మేలే జరిగింది, కాని ఇందులో ఒక చిక్కుంది: చర్చి తన చందాలతో లోటు పూడ్చినకొద్దీ, ఆ లోటు ప్రభుత్వ బాధ్యతన్న వాదన సడలుతుంది. 2014 ఫిబ్రవరిలో సంక్షేమ కోతల వల్ల ప్రజలు ఆకలి పాలవుతున్నారని 27 మంది ఆంగ్లికన్ బిషప్పులు బహిరంగలేఖ రాసినప్పుడు ఈ చిక్కు తిరగబడింది. అప్పటికి ఎన్నో చర్చి ఆవరణల్లో ఆహార పంపిణీ సాగుతోంది. తిండి పొట్లం కోసం అక్కడికి వచ్చినవారి లెక్కలే ఆ లేఖకు ఆధారమయ్యాయి.