కుట్లు విప్పాక

కుట్లు విప్పగానే మా దగ్గర తరచూ వినిపించే మాట: “ఇక పొలం పనికి పోవచ్చు గదండీ?” కోత గీత చక్కగా అతుక్కుంది, నొప్పి లేదు, చీము లేదు. కంటికి గాయం మానిపోయినట్టే. నేను మాత్రం ఆగమంటాను. వారం రోజులకు ఆ గీతకుండే బలం మామూలు చర్మం బలంలో దాదాపు పదో వంతే. మూడో వారానికి పావు వంతుకు అటూఇటూ, మూడు నెలలకు 70–80 శాతం. పాత బలం పూర్తిగా ఎన్నడూ రాదు.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది మూడో వారం తర్వాతి సంగతి. గాయంలో చేరాల్సిన కొల్లాజెన్, అంటే చర్మానికి బలమిచ్చే మాంసకృత్తి పోగులు, అప్పటికే చాలావరకు చేరిపోతుంది. ఆపై దాని రాశి పెద్దగా పెరగదు, బలం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. హడావిడిగా వేసుకున్న సన్నపాటి మూడో రకం పోగుల్ని శరీరం కరిగించి, ఆ చోట లావైన ఒకటో రకం పోగులు వేస్తుంది. లాగుడు ఎటుంటే అటు సర్ది, ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. మామూలు చర్మంలో ఇవి బుట్ట అల్లికలా అన్ని వైపులా పెనవేసుకుంటాయి. మచ్చలో ఒకే వైపు బారులు తీరతాయి. మచ్చ కాస్త బలహీనంగానే ఉండిపోవడానికి ఈ తేడా ఒక కారణం.

కుట్టు వేయడమంటే గాయానికి సొంత బలం కొంత వచ్చేవరకూ దారం బలం అరువివ్వడమే. ముఖానికి రక్తప్రసరణ ఎక్కువ కనుక అయిదో రోజుకే తీసేస్తాం. ఆలస్యమైతే కుట్ల గుర్తులు మిగులుతాయి. ఎప్పుడూ వంగే మోకాలి మీద రెండు వారాలు ఉంచుతాం. పొట్ట ఆపరేషన్‌లో లోపలి గట్టి పొరకు వారాల తరబడి పట్టు సడలని దారం వాడతాం.

కొల్లాజెన్ పోగులు గట్టిగా పేనుకోవాలంటే విటమిన్ సి కావాలి. అమెరికా సర్జన్ జాన్ క్రాండన్ 1939లో దాన్ని పూర్తిగా మానేసి, తన ఒంటి మీదే కోత పెట్టించుకున్నాడు. మూడు నెలలప్పటి కోత మామూలుగా మానింది. ఆరు నెలలప్పటిది పైకి మూసుకున్నా లోపల అతకలేదు. విటమిన్ ఎక్కించాకే అతికింది.

గాయానికి మంచి తిండి కావాల్సిన సరిగ్గా ఈ సమయంలోనే మన ఇళ్లలో పథ్యం మొదలవుతుంది. చీము పడుతుందని పప్పు, వేడి చేస్తుందని గుడ్డు, జలుబని జామకాయ మానిపించి చారన్నంతో సరిపెడతారు. చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, పప్పు పాపమేమీ లేదు. పైగా కొల్లాజెన్‌కు ముడిసరుకు మాంసకృత్తులే. అందుకని కుట్లు విప్పించుకుని ఇంటికెళ్లేవాళ్లకు పప్పన్నం పెట్టండి. గ్యాస్ బండ మాత్రం ఇంకొకరు మోయండి.