జమాలుపూరు రైలుకర్మశాల చరిత్ర - విమర్శ

బీహారున ముంగేరు చెంతనున్న జమాలుపూరులో ఈస్టిండియన్ రైల్వేవారు 1862వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీని మరమ్మతు కర్మశాలను స్థాపించిరి. దాని చరిత్రను జెప్పువారు కొందఱు, 1899లో నచ్చట నిర్మింపఁబడిన ‘లేడీ కర్జన్’ అను ఇంజనే భారతదేశమునఁ బుట్టిన మొదటిదని వ్రాయుదురు. ఈ వాదము విచారణకు నిలువదు. అజమీరు కర్మశాలలో 1895లోనే ఎఫ్-734 అను మీటరుగేజి ఇంజను నిర్మింపఁబడెను. అది నేఁటికిని ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమునఁ గానవచ్చుచున్నది.

అయినను ఈ పౌర్వాపర్యవివాదముకంటె గురుతరమైన దోష మొకటి కలదు. అది మరమ్మతుశాలను నూతననిర్మాణములచేతనే కొలుచుట. అరిగిన చక్రములను తరిమెన పట్టుట, కారుచున్న బాయిలరు గొట్టములను మార్చుట, ఇరుసులలోని బీటలను గనిపెట్టుట, ఇవి యచ్చటి నిత్యకృత్యములు. వీనికి నామకరణోత్సవములు లేవు. కాని యొక్క బీట కంటఁబడకున్నచో నెందఱి ప్రాణములకో ముప్పు వాటిల్లును. ఆవిరియింజనుల నిర్మాణ మచ్చట నెన్నఁడో యాగిపోయినది; మరమ్మతు మాత్రము సాగుచునే యున్నది.

మన వాఙ్మయచరిత్రలందును ఇట్టి పక్షపాతమే కలదు. కవిని గీర్తింతుము, శిథిలతాళపత్రములను సరిచూచి కావ్యమును మనకందించిన పరిష్కర్తను మఱతుము. ఏ లోపములు పుట్టినవి, అవి యెట్లు తీర్పఁబడినవి, తీర్చిన పనివారికి ఆ నేర్పెట్లబ్బినది, ఇవి తెలిపినదే కర్మశాలకుఁ దగిన చరిత్ర. తక్కినది ప్రశస్తి మాత్రమే.